చదువు ఆగిపోయినోళ్లకు తలుపు తీసేదెవరు?



జూన్ నెల. ఒక పక్క పోడు చేలల్లో విత్తనాలు పడుతున్నాయి. ఇంకో పక్క మన ఫోన్ల నిండా అడ్మిషన్ల మెసేజులు. దోస్త్ రిజిస్ట్రేషన్, పాలిసెట్ కౌన్సెలింగ్, ఐటీఐ సీట్లు, గురుకులాల్లో ఇంటర్ ప్రవేశాలు. మనమే గ్రూపుల్లో ఫార్వర్డ్ చేస్తున్నాం. "మన పిల్లలందరూ చదవాలె" అని కింద రాస్తున్నాం. మంచిదే. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ మెసేజుల్లో ఎక్కువ భాగం ఈ ఏడు పదో, ఇంటరో పాసైన పిల్లల కోసమే. మరి మూడేళ్ల కింద ఫెయిలై ఇంటికొచ్చిన తమ్ముడి సంగతేంది? ఎనిమిదేళ్ల కింద ఆశ్రమ పాఠశాల విడిచి వచ్చి, పెళ్లయి, ఇద్దరు పిల్లల తల్లైన చెల్లె సంగతేంది?

ఆ చెల్లె మన ప్రతి గూడెంలో ఉంది. పేరు మీరే పెట్టుకోండి. పదిలో ఆమెకు లెక్కలు ఒక్కటే పోయింది. సప్లిమెంటరీ ఫీజు తేదీ తెలిసేసరికి గడువు దాటింది. మరుసటేడు మిర్చి కోతలకు పోయింది. ఆ పై ఏడు పెళ్లి. ఇప్పుడు ఊళ్లో అంగన్‌వాడీ పోస్టు పడితే పది పాస్ సర్టిఫికెట్ అడిగారు. అర్హులు లేరని పోస్టు ఖాళీగా పెట్టారు. గూడెంలో పిల్లలందరి భాష ఆమెకు వచ్చు, జ్వరమొస్తే ఏ పిల్లను ఎప్పుడు ఆస్పత్రికి మొయ్యాలో తెలుసు. ఆమె దగ్గర లేనిది ఒక్క కాగితమే.

ఈ సారి మాట ఆ చెల్లె గురించే. చదువు ఆగిపోయినోళ్లు మళ్లీ చదువుతామంటే తలుపు తీసే విధానం మనకుందా? ఉంటే ఎందుకు తెరుచుకోవడం లేదు?

ముందు ఒక మాట. "డ్రాపౌట్" అనే పదాన్ని మనం కూడా అలవాటుగా వాడేస్తున్నాం. బడి మానేసిన తప్పు పిల్లలదే అన్నట్టు ఉంటుంది ఆ మాట. ఇంట్లో కోయ, గోండి, కొలామి, కువి, సవర మాట్లాడే పిల్ల ఒకటో తరగతిలో అడుగు పెట్టగానే తెలుగు పుస్తకం, ఇప్పుడైతే ఇంగ్లీషు పుస్తకం. వానాకాలం వాగు పొంగితే టీచర్ రాడు. హాస్టల్లో జ్వరాలు వస్తే తల్లిదండ్రులు భయపడి పిల్లను ఇంటికి తెచ్చుకుంటారు. నెల తర్వాత తిరిగి పంపేసరికి పాఠాలు ముందుకు పోయి ఉంటాయి. ఇట్లా మనం బడిని విడిచింది తక్కువ, బడి మనల్ని విడిచింది ఎక్కువ.

లెక్కలు కూడా అదే చెబుతున్నాయి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీల అక్షరాస్యత సుమారు 49 శాతం. దేశంలో ఎస్టీల సగటు 59 శాతం. అంటే మనం దేశంలోని మిగతా ఆదివాసులకన్నా కూడా పది అడుగులు వెనక. పై చదువుల సంగతి చూస్తే, 2021-22 కేంద్ర విద్యాశాఖ సర్వే ప్రకారం దేశంలో ఉన్నత విద్యలో స్థూల నమోదు నిష్పత్తి 28.4, ఎస్టీలలో 21.2. ఈ నిష్పత్తికి కొలబద్ద 18 నుంచి 23 ఏళ్ల వయసు జనాభా. 27 ఏళ్ల మన చెల్లె ఆ కొలబద్దలోనే లేదు. లెక్కలో లేనివాళ్ల కోసం ఎవరూ పథకం రాయరు.

అయితే తలుపులే లేవా? ఉన్నాయి. ముందు అవి తెలుసుకుందాం. ఎందుకంటే మనలో చాలామందికి ఇవి తెలియవు. తెలిసినోళ్లు చెప్పడం లేదు.

మొదటిది ఓపెన్ స్కూల్. రెండు తెలుగు రాష్ట్రాలకూ సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలున్నాయి. కేంద్రానిది ఎన్‌ఐఓఎస్ ఉంది. పదికి 14 ఏళ్లు నిండితే చాలు. ఇంటర్‌కు పది పాసై, 15 ఏళ్లు నిండాలి. పై వయసుకు హద్దు లేదు. ఎన్‌ఐఓఎస్‌లో ఒకసారి పేరు నమోదైతే ఐదేళ్లు చెల్లుతుంది. ఆ ఐదేళ్లలో తొమ్మిది సార్లు పరీక్ష రాసుకోవచ్చు. ఒక్కో సబ్జెక్టు ఒక్కోసారి రాసినా ఫరవాలేదు. పాత బోర్డులో పాసైన సబ్జెక్టుల్లో రెండింటి వరకు ఇక్కడికి మార్చుకోవచ్చు. పదికి లెక్కలు తప్పనిసరి కూడా కాదు, ఐదు సబ్జెక్టులు మనమే ఎంచుకోవచ్చు. పాలిటెక్నిక్ వైపు, సైన్స్ వైపు పోవాలనుకునేవాళ్లు మాత్రం లెక్కలు వదలొద్దు. మన చెల్లెను ఇంట్లో కూర్చోబెట్టిన ఆ ఒక్క సబ్జెక్టు లేకుండానే ఆమె పది పాస్ కావచ్చునని ఎనిమిదేళ్లలో ఒక్కరు కూడా ఆమెకు చెప్పలేదు.

రెండోది ఐటీఐ. వెల్డర్, వైర్‌మన్ లాంటి ట్రేడ్లకు ఎనిమిది పాస్ చాలు. ఎనిమిది తర్వాత రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు ఎన్‌ఐఓఎస్ ద్వారా కొన్ని పేపర్లు రాస్తే పదికి సమానమైన సర్టిఫికెట్ వస్తుంది. పది తర్వాత చేసినవాళ్లకు ఇంటర్‌కు సమానమైనది వస్తుంది. చేతి పనీ, చదువూ రెండూ ఒకే దారిలో నడుస్తాయి.

మూడోది సార్వత్రిక విశ్వవిద్యాలయం. దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో మన హైదరాబాద్‌లోనే పుట్టింది. 1991 నుంచి దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఉద్యోగం చేసుకుంటూ, వ్యవసాయం చేసుకుంటూ డిగ్రీ చేసే దారి అది.

నాలుగోది క్రెడిట్ల బ్యాంకు. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత 2021లో వచ్చింది. డిగ్రీ మధ్యలో ఆగినా, చదివిన మేరకు క్రెడిట్లు మన ఖాతాలో ఉంటాయి. ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ. మళ్లీ వచ్చి ఆగిన చోటు నుంచి మొదలుపెట్టవచ్చు. కాగితం మీద బాగుంది. కానీ జాగ్రత్తగా చూడాలి. ఏడాదికే మనల్ని బయటికి పంపి "సర్టిఫికెట్ ఇచ్చాం కదా" అనడానికి దీన్ని వాడితే అది మనకు పెట్టిన మరో గండి అవుతుంది. తిరిగి లోపలికి వచ్చే దారి ఎంత సులువో చూసే ఈ విధానం మంచిదో చెడ్డదో చెప్పాలి.

ఇన్ని దారులుంటే మన వాళ్లెందుకు పోవడం లేదు? "ఆదివాసులకు చదువు మీద ఆసక్తి లేదు" అని ఆఫీసుల్లో ఫ్యాను కింద కూర్చుని చెప్పేవాళ్లకు మన జవాబు ఇది.

ఒకటి, కాగితాలు. ఆన్‌లైన్ దరఖాస్తుకు ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు కావాలి. మన ఇళ్లలో ఆధార్ తీసిననాటి సిమ్ ఇప్పుడు ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఆధార్‌లో ఒక పుట్టిన తేదీ, టీసీలో ఇంకో తేదీ. ఇంటిపేరు ఒక చోట ఒక తీరు, ఇంకో చోట మరో తీరు. కుల సర్టిఫికెట్ కోసం మీసేవకు ఒకసారి, తహసీల్దార్ ఆఫీసుకు నాలుగుసార్లు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో బతుకుతున్న గుత్తికోయ కుటుంబాలకైతే ఎస్టీ సర్టిఫికెట్టే పెద్ద చిక్కు. ప్రతి తిరుగుడుకూ ఒక రోజు కూలీ, ఆటో కిరాయి పోతాయి. కాలేజీ ఫీజుకన్నా ముందు ఈ ఫీజు కట్టాలి.

రెండు, డబ్బులు. రెగ్యులర్ కాలేజీలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్, స్కాలర్‌షిప్ ఉన్నాయి. దానికి 75 శాతం హాజరు ఉండాలి. దూరవిద్యలో చదివేవాళ్లకు రాష్ట్రాల రీయింబర్స్‌మెంట్ వర్తించదు. దీని అర్థం ఏంది? ఇంట్లో ఉండి పని చేసుకుంటూ చదవాల్సినంత పేదరికం ఎవరికి ఉందో వాళ్లే సొంత డబ్బు కట్టాలి. రోజూ కాలేజీకి పోగలిగినవాళ్లకు సర్కారు కడుతుంది. ఇది తిరగేసి రాసిన న్యాయం.

మూడు, కాలం. ఓపెన్ స్కూల్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు ఉంటాయి. ఒకసారి ఏప్రిల్, మే నెలల్లో. ఆ నెలలు మనకేమిటో మీకు చెప్పాలా? ఇప్పపువ్వు ముగిసి తునికాకు మొదలయ్యే కాలం. తెల్లారకముందే అడవికి పోయి ఆకు తెచ్చి, కట్టలు కట్టి కల్లంలో పోసే రోజులవి. ఏడాదికంతా చేతికొచ్చే నగదు ఆ కొన్ని వారాల్లోనే. రెండో విడత పరీక్షలప్పుడు పత్తి, వరి పనులు. పరీక్షల క్యాలెండర్ వేసినోళ్లకు అడవి క్యాలెండర్ తెలియదు. ఆ రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే మన చెల్లె ఏది ఎంచుకుంటుందో మనందరికీ తెలుసు.

నాలుగు, దూరం. స్టడీ సెంటర్ మండల కేంద్రంలోనో, ఇంకా దూరంగా డివిజన్ కేంద్రంలోనో ఉంటుంది. ఆదివారం క్లాసులంటారు. వారం సంత ఆదివారమే అయితే అటా ఇటా? చంటిపిల్లను ఎవరి దగ్గర వదలాలి?

ఐదోది మన వైపు నుంచి చెప్పాల్సింది. దాచుకోవద్దు. ఓపెన్ స్కూల్ పేరు చెప్పి "పాస్ గ్యారంటీ" ప్యాకేజీలు అమ్మే దళారులు మన మండలాల్లో తిరుగుతున్నారు. వేలకు వేలు తీసుకుని పరీక్ష హాల్లో చిట్టీలు అందిస్తామంటారు. మనవాళ్లు కూడా కొందరు కమీషన్‌కు ఆ పని చేస్తున్నారు. అట్లా వచ్చిన మెమోతో ఇంటర్ పుస్తకం తెరిస్తే ఒక్క పేజీ అర్థం కాదు. మళ్లీ ఆగిపోతారు, ఈసారి అప్పుతో. ఇంకో మాట. మెట్లు దాటేసి పైకి ఎక్కించే షార్ట్‌కట్‌లను నమ్మొద్దు. కింది డిగ్రీ లేకుండా ఓపెన్ పద్ధతిలో నేరుగా చేసిన పీజీ చెల్లదని అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో 2009లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పది, ఇంటర్, డిగ్రీ. మెట్టు మెట్టుగానే పోదాం.

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం. చదువు ఆగిపోయిన ఆదివాసులను మళ్లీ చేర్చుకుని, వాళ్లనే గురువులను చేసిన పని మన నేల మీద జరిగింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక నిజాం సర్కారు హైమెండార్ఫ్‌ను ఇక్కడికి పంపింది. కొన్నేళ్లలో గోండుల విద్యా పథకం మొదలై, మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం వచ్చింది. పెద్ద పెద్ద సర్టిఫికెట్లు అడగలేదు. ఏ కొద్దిగానో అక్షరాలొచ్చిన గోండు యువకులను వెతికి, గోండిలోనే వాచకాలు తయారుచేసి, వాళ్లనే తమ గూడేలకు టీచర్లుగా పంపారు. ఉన్నదాంతో మొదలుపెట్టి, మిగతాది నేర్పించిన అడ్మిషన్ అది. ఎనభై ఏళ్ల కింద సాధ్యమైంది ఇప్పుడెందుకు కాదు?

సముద్రాల అవతల ఇంకో ఉదాహరణ ఉంది. అమెరికాలో నవాహో అనే ఆదివాసీ జాతి. 1868లో ప్రభుత్వం వాళ్లతో ఒప్పందం రాసుకుంది. ప్రతి 30 మంది పిల్లలకు ఒక బడి, ఒక టీచర్ ఇస్తామన్నది అందులో ఒక హామీ. తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించగలరు. హామీలు కాగితంలో ఉండిపోయాయి. అక్కడి ఆదివాసీ పిల్లలను దూరంగా ఉన్న బోర్డింగ్ స్కూళ్లకు తీసుకుపోయి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే కొట్టారు. సరిగ్గా నూరేళ్ల తర్వాత, 1968లో, నవాహో జాతి ప్రభుత్వం తన సొంత కాలేజీ తానే పెట్టుకుంది. నవాహో కమ్యూనిటీ కాలేజీ. సొంత భవనం కూడా లేదు. అరిజోనాలో మెనీ ఫామ్స్ అనే ఊళ్లో ఒక హైస్కూలు ఆవరణలో మొదలైంది. దాన్ని చూసి మిగతా జాతులు కూడా పెట్టుకున్నాయి. 1978లో అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇలాంటి కాలేజీలకు డబ్బులిచ్చే చట్టం చేయక తప్పలేదు. ఇప్పుడవి 30కి పైగా ఉన్నాయి. మొదటి కాలేజీ పేరు 1997లో డినే కాలేజీ అయింది. డినే అంటే వాళ్ల భాషలో వాళ్ల జాతి పేరు.

అక్కడ అడ్మిషన్ ఎట్లా? మార్కుల వడపోత లేదు. హైస్కూలు పాసైనా సరే, బడి మధ్యలో మానేసి తర్వాత దానికి సమానమైన పరీక్ష పాసైనా సరే. పిల్లల తల్లులు, ఉద్యోగస్తులు, పెద్ద వయసువాళ్లు అందరూ ఒకే తరగతిలో ఉంటారు. నవాహో భాష, చరిత్ర అక్కడ చదువులో భాగం. ముఖ్యమైనది ఏమిటంటే, కాలేజీని నడిపే బోర్డు జాతి చేతిలో ఉంది. ఎవరిని చేర్చుకోవాలి, ఏం చెప్పాలి అన్నది బయటివాళ్లు నిర్ణయించరు. అంతా బాగుందని కాదు. చట్టంలో రాసినంత డబ్బు రావడం లేదని వాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడుతూనే ఉన్నారు. అయినా కాలేజీ మూయలేదు.

మరి మనకు? 2014 విభజన చట్టంలో రెండు రాష్ట్రాలకూ గిరిజన విశ్వవిద్యాలయాలు రాశారు. ఆంధ్రాది విజయనగరం జిల్లాలో 2019లో మొదలైంది. తెలంగాణది, ములుగులో సమ్మక్క సారక్క పేరు మీద, 2023 డిసెంబర్‌లో గానీ చట్టం కాలేదు. కొట్లాడి తెచ్చుకున్నాం, సంతోషమే. కానీ కేంద్ర విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీటుకు సీయూఈటీ అనే దేశవ్యాప్త కంప్యూటర్ పరీక్ష దారి. ఇంటర్ పాసై, దరఖాస్తు గడువు తెలిసి, కోచింగ్ తీసుకున్న పిల్లలు ఆ దారిన పోగలరు. చదువు ఆగి ఎనిమిదేళ్లైన మన చెల్లెకు ఆ గేటు కనపడనే కనపడదు. మన పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం మన గూడెం దాకా రాకపోతే పేరు మాత్రమే మనది.

అందుకే ఈ డిమాండ్లు. ఏ పార్టీ వచ్చి అడిగినా, ఏ ఐటీడీఏ మీటింగ్‌లో కూర్చున్నా ఇవే మాటలు చెప్పండి.

1. దూరవిద్య, ఓపెన్ స్కూల్ చదివే ఆదివాసీ విద్యార్థుల ఫీజు మొత్తం ప్రభుత్వమే కట్టాలి. రీయింబర్స్‌మెంట్‌లో ఉన్న ఈ వివక్ష తొలగించాలి.

2. ఏజెన్సీలో ప్రతి మండలంలో ఒక ఆశ్రమ పాఠశాలను ఓపెన్ స్కూల్ స్టడీ సెంటర్‌గా, పరీక్షా కేంద్రంగా పెట్టాలి. తల్లులు క్లాసులో ఉన్నంతసేపు పిల్లలను చూసే ఏర్పాటు ఉండాలి.

3. తునికాకు కాలంలో పరీక్ష రాయలేనివాళ్లకు ఏజెన్సీలో వేరే విడత పెట్టాలి.

4. అడ్మిషన్ల నెలల్లో ఐటీడీఏ ఆధ్వర్యంలో గూడేలకే వచ్చి ఆధార్ సవరణలు, కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఒకే చోట ఇవ్వాలి. కాగితం రాలేదని సీటు ఆపొద్దు. ముందు చేర్చుకుని, తర్వాత గడువివ్వాలి.

5. గిరిజన విశ్వవిద్యాలయాల కింద ఏజెన్సీలో కమ్యూనిటీ కాలేజీలు పెట్టాలి. కమ్యూనిటీ కాలేజీల పథకం యూజీసీ దగ్గర 2013 నుంచే ఉంది. ఎంట్రన్స్ లేని సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులుండాలి. వాటి కమిటీల్లో గ్రామసభ ప్రతినిధులుండాలి.

6. ఆశా కార్యకర్తలుగా, భాషా వలంటీర్లుగా పనిచేసిన అనుభవానికి ఆ కోర్సుల్లో క్రెడిట్ ఇవ్వాలి.

"ఇంత చదివితే ఏం లాభం అన్నా? డిగ్రీలు చేసినోళ్లే ఖాళీగా తిరుగుతున్నారు" అని మీలో కొందరు అంటారు. నిజమే, ఆ బాధ మాకు తెలుసు. ఏజెన్సీ టీచర్ పోస్టులు నూరు శాతం స్థానిక ఆదివాసులకే ఇచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. సర్టిఫికెట్ ఉన్నోళ్లకే దారి మూసుకుపోయిన చోట, సర్టిఫికెట్ తెచ్చుకోమని చెప్పడం మాకూ కష్టంగానే ఉంది. ఆ పోరాటం ఆగదు, ఆగకూడదు. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. రేపు ఆ హక్కు తిరిగి వచ్చిన రోజున "అర్హులు లేరు" అనే మాటతో పోస్టును మళ్లీ బయటికి పంపకుండా ఆపాలంటే గూడెంలో అర్హులుండాలి. అటవీ హక్కుల దరఖాస్తు ఎందుకు తిరస్కరించారో ఆ కాగితం చదవాలన్నా, పెసా గ్రామసభ తీర్మానంలో మనం అన్న మాటే రాశారో లేదో చూడాలన్నా మన మనిషే కావాలి. ఉద్యోగం రాకపోయినా ఈ చదువు వృథా పోదు.

సర్కారు చేసేదాకా ఆగొద్దు. ఈ నెలలోనే చేయగలిగినవి ఉన్నాయి. మీ గూడెంలో పది, ఇంటర్ మధ్యలో ఆగిపోయినోళ్ల పేర్లు ఒక నోటు పుస్తకంలో రాయండి. ఎవరికి ఏ సబ్జెక్టు పోయింది, ఏ కాగితం లేదు అన్నది పక్కన రాయండి. డిగ్రీ చేసిన ప్రతి ఒక్కరూ అందులోంచి ఇద్దరిని తీసుకోండి. దరఖాస్తు నింపి ఊరుకోవద్దు, పరీక్ష రాసేదాకా వెంట ఉండండి. సాయంత్రం గంటసేపు మన భాషలోనే పాఠం చెప్పండి. దళారి కనబడితే పేరు పెట్టి గ్రామసభలో నిలదీయండి. పైన రాసిన డిమాండ్లను గ్రామసభ తీర్మానంగా రాసి, సంతకాలు పెట్టి, ఐటీడీఏలో ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని వినతిపత్రం గాలికి పోయినట్టే.

ఇప్పుడు ఫోన్ పక్కన పెట్టి ఒక పని చేయండి. మొదట్లో చెప్పిన ఆ చెల్లె మీ వాడలోనే ఉంది. ఆమె ఇంటికి పోండి. "ఏ సబ్జెక్టు పోయింది చెల్లె?" అని అడగండి. ఎనిమిదేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి మీరే అవుతారు.

"మావ నాటే మావ రాజ్" అని నినదించినవాళ్లం. మన గూడెంలో మన రాజ్యం అన్నప్పుడు, మన గూడెంలో మన చదువు కూడా అందులోదే.

జై ఆదివాసీ! జై కొమురం భీం!